మట్టికాళ్ళవాళ్ళ బల్ల

ప్రసవాల ఆస్పత్రికి పెద్ద నర్సు రోజూ అందరికంటే ముందే వచ్చేది. రాగానే బయటి చెప్పులు విప్పి, లోపల తిరిగే తెల్ల జోడు వేసుకునేది. మేజోళ్ళు మాత్రం ఇంటి దగ్గర వేసుకున్నవే. ఎండలు మండిపోతున్నా ఆమె కాళ్ళకు మేజోళ్ళు ఉండాల్సిందే. "మా నర్సమ్మకు నేల చలువ పడదు" అని ఆయా అడగనివాళ్ళకు కూడా చెప్పేది. పెద్ద నర్సు అవుననేదీ కాదు, కాదనేదీ కాదు.

తర్వాత ఉడికించిన కత్తెర్లు ట్రేలో సర్దుకునేది. పెద్దది బొడ్డుకు, చిన్నది వేర్లకు. పుట్టిన ప్రతి బిడ్డకూ అరికాళ్ళలో వేర్లుంటాయి కదా, మొలకెత్తిన గింజకు వచ్చినట్టు తెల్లగా, పట్టుదారాల్లాగా. పుట్టిన వెంటనే తీసేస్తే బిడ్డకు తెలియను కూడా తెలియదు. ఆలస్యమైతే లోపలికి దిగి నరాలతో కలిసిపోతాయి. ఊళ్ళోవాళ్ళందరూ తీయించేవాళ్ళు. తీసినవాటిని దూదిలో చుట్టి చెత్తబుట్టలో పడేయడం ఆయా పని.

తీయించనివాళ్ళు ఏటి ఒడ్డున కూరగాయల మళ్ళు చేసుకునేవాళ్ళూ, ఇటుకబట్టీల వాళ్ళూ. వాళ్ళు తడి నేల మీద నిలబడితే పాదాలు కొంచెం కొంచెంగా దిగేవి, ఎత్తితే దారం తెగినట్టు చిన్న చప్పుడు అయ్యేది. ఎంత కడుక్కున్నా వేర్ల సందుల్లో కాస్త మన్ను మిగిలేది. అందుకని వాళ్ళను మట్టికాళ్ళవాళ్ళన్నారు. మొదట్లో ఆ మాటలో వెటకారం లేదేమో. ఇప్పుడు మాత్రం అన్నం కింద పోసుకున్న పిల్లల్ని తల్లులు తిట్టే తిట్టు అదే.

ఆస్పత్రి హాల్లో నున్నటి పలకల నేల, గోడవారగా కుర్చీలు. మట్టికాళ్ళవాళ్ళు లోపలికొస్తే నేల పాడవుతుందని, వాళ్ళకు బయట రేకుల పంచ కింద ఒక చెక్కబల్ల వేశారు. ఆ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. వానొచ్చి జల్లు కొడుతుంటే మిగతా నర్సులు చూసీ చూడనట్టు వాళ్ళను గుమ్మం లోపల నిలబడనిచ్చేవాళ్ళు. పెద్ద నర్సు ఉంటే మాత్రం ఆ పప్పులు ఉడికేవి కావు. "బల్ల ఉందిగా, వెళ్ళి కూర్చోండి" అనేది. గొంతు పెంచేది కాదు. పెంచాల్సిన అవసరం వచ్చేది కాదు.

ఆ రోజు ఆమె డాక్టరమ్మతో మాట్లాడుతుండగా ఆయా గుమ్మంలోంచి కేకేసింది.

"మట్టికాళ్ళ పిల్లండీ! నొప్పులు బాగా దగ్గరపడ్డాయి!"

నిండు చూలాలు ఒకామె ద్వారబంధం పట్టుకుని నిలబడి ఉంది. పక్కనే ఆమె నడుం చుట్టూ చెయ్యి వేసి, జుట్టు సగం నెరిసిన తల్లి. ఆ తల్లి తలెత్తి పెద్ద నర్సును చూసింది. చూసిందో లేదో ముఖమంతా విప్పారింది. నోరు తెరిచి ఏదో అనబోయింది.

"మీకు తెలిసినవాళ్ళా?" అంది డాక్టరమ్మ.

"లేదండీ," అంది పెద్ద నర్సు.

ఆ తల్లి ముఖంలో నవ్వు వెంటనే పోలేదు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు అలాగే ఉండి, మెల్లగా సర్దుకుంది. "నమస్కారం నర్సమ్మగారూ. తొలి కాన్పు. కాస్త చూసుకోండి," అని, ఎవరూ చెప్పకముందే వెళ్ళి బయట బల్ల మీద కూర్చుంది. ఆయా ఆ పిల్ల పాదాలకు ప్లాస్టిక్ సంచులు తొడిగి, దారంతో కట్టి, లోపలికి నడిపించుకెళ్ళింది.

ఆ తల్లి పెద్ద నర్సుకు సొంత అక్క. ఒక తల్లి బిడ్డలు. ఏటి ఒడ్డున వంకాయ మడి పక్కన పుట్టి పెరిగినవాళ్ళు. చెల్లెలు చదువులో చురుగ్గా ఉందని ఊళ్ళో బడివాళ్ళు చేర్చుకుంటామన్నారు, వేర్లు తీయించుకొస్తే. అప్పటికి చెల్లెలికి అన్నీ తెలిసే వయసు. వేర్లు లోతుగా దిగిపోయి ఉన్నాయి. అక్కకు మరీ ముదిరిపోయాయి, తీస్తే నడక పోతుందన్నారు. అందుకని అక్క కాళ్ళ జోలికి ఎవరూ పోలేదు. తల్లి కత్తెర పట్టుకుంటే, చెల్లెలి తల ఒళ్ళో పెట్టుకుని గట్టిగా పట్టుకున్నది అక్కే. "ఇటు చూడవే, నన్ను చూడు, కిందికి చూడకు" అంటూనే ఉంది. చెల్లెలు కొరికిన పంటిగాటు అక్క ముంజేతి మీద చాలాకాలం ఉండిపోయింది.

బడిలో చేరిన కొత్తలో అక్క వారం వారం పెరటి పళ్ళు మూటగట్టుకుని గేటు దగ్గరికి వచ్చేది. తోటి పిల్లలు ఆ పాదాలకేసి చూడటం మొదలుపెట్టాక, చెల్లెలికి వారం వారం తలనొప్పి రావడం మొదలైంది. మూట మాత్రం కాపలావాడి చేతి మీదుగా లోపలికి వచ్చేది. కొన్నాళ్ళకు అదీ ఆగింది. తర్వాత నర్సు చదువు, ఉద్యోగం, తల్లి పోయినప్పుడు ఒక్క పూట వెళ్ళి రావడం. పెళ్ళి చేసుకోలేదు. చేసుకుంటే మేజోళ్ళు విప్పాలి కదా. వేర్లు తీసినచోట అరికాళ్ళ నిండా చిన్న చిన్న గుంటలు పడ్డాయి. పుట్టగానే తీసేసిన కాళ్ళకు అలాంటివి ఉండవు.

కాన్పు కష్టమైంది. మధ్యాహ్నం నొప్పులు తారస్థాయికి వెళ్ళినప్పుడు ఆ పిల్ల పెద్ద నర్సు చెయ్యి ఒడిసిపట్టుకుని, "పిన్నీ! నా వల్ల కాదు పిన్నీ!" అని అరిచింది.

డాక్టరమ్మ తలెత్తింది.

"నొప్పుల్లో ఏదో ఒకటి పిలుస్తారండీ," అంది పెద్ద నర్సు. "నన్ను అమ్మా అన్నవాళ్ళున్నారు, అత్తా అన్నవాళ్ళున్నారు."

డాక్టరమ్మ నవ్వింది. ఆ పిల్ల నవ్వలేదు. చెయ్యి వదిలేసి మంచం కమ్మీ పట్టుకుంది. మళ్ళీ పిలవలేదు. బిడ్డ బయటపడేదాకా పళ్ళు బిగించుకునే ఉంది.

ఆడపిల్ల. గొంతు గట్టిదే. బొడ్డు కోశాక డాక్టరమ్మ చేతి తొడుగులు విప్పుకుంటూ, "వీళ్ళు వేర్లు తీయనివ్వరనుకుంటా," అంది.

"తీసేయండి," అంది బాలింత పైకప్పుకేసి చూస్తూ. "తీయించాలనే ఇంతదూరం వచ్చాం."

డాక్టరమ్మ వెళ్ళిపోయింది. పెద్ద నర్సు బిడ్డను తుడిచి, బల్ల మీద పడుకోబెట్టి, చిన్న కత్తెర అందుకుంది. ఎడమచేత్తో చిట్టి పాదాన్ని పట్టుకుంది. అది ఆమె రోజూ చేసే పనే. మడమ కింద బొటనవేలు పెట్టి, వేర్లను చూపుడువేలితో దువ్వి, ఒక్క కోత.

దువ్వబోయిన వేలిని వేర్లు చుట్టుకున్నాయి.

మొదట ఒకటి, దాని వెంట మిగతావి. మెత్తగానే చుట్టుకున్నాయి కానీ లాగితే రాలేదు. వేర్లు సొంత నెత్తురునే పట్టుకుంటాయన్నది అందరికీ తెలిసిందే. తండ్రి ఎత్తుకుంటే చుట్టుకుంటాయి, పక్కింటివాళ్ళు ఎత్తుకుంటే ఊరికే వేలాడుతుంటాయి. అందుకే పసిబిడ్డలకు ఆ పని ఇంట్లోవాళ్ళు చేయరు, నర్సులే చేస్తారు.

దూది పట్టుకుని పక్కన నిలబడ్డ ఆయా ఆ వేలికేసి చూసింది. తర్వాత పెద్ద నర్సు మేజోళ్ళకేసి చూసింది. దూది తీసి మళ్ళీ డబ్బాలో పెట్టేసింది. "అవి వదిలేదాకా లాగకూడదమ్మా," అని మాత్రం చెప్పి, చేతిలో పనేమీ లేకపోయినా పని ఉన్నట్టు బయటికి వెళ్ళింది.

గదిలో ఇద్దరే మిగిలారు.

"కుడిచెయ్యి ఖాళీగానే ఉందిగా," అంది బాలింత. "కోసేయ్ పిన్నీ."

"పట్టుకుందే..."

"పట్టుకుంటే? నీవి కోసినప్పుడు నువ్వూ మా అమ్మను పట్టుకునే ఉన్నావంట."

పెద్ద నర్సు కత్తెర ట్రేలో పెట్టేసింది. "నేను కోయలేనే. ఇంకెవరినైనా పిలుస్తాను కావాలంటే. కానీ ఒకసారి ఆలోచించు. చాలా నొప్పి..."

"ఇప్పుడు నొప్పేంటి? పుట్టగానే తీస్తే తెలియదని మీరే కదా చెప్తారు!" ఆ పిల్ల మోచేతుల మీద లేవబోయింది, లేవలేక మళ్ళీ వాలిపోయింది. "నువ్వు కోయించుకున్నావు. తెల్లబట్టలు కట్టావు. కుర్చీలో కూర్చున్నావు. ఇందాక మా అమ్మ ఎవరో తెలియదన్నావు. నా బిడ్డ దగ్గరికొచ్చేసరికి నీకు పుట్టిన నేల గుర్తొచ్చిందా? నా కూతురు కూడా బయట బల్ల మీదే కూర్చోవాలా? తప్పు వేర్లదా పిన్నీ?"

ఆ పిల్ల అన్న ప్రతి ముక్కా నిజమే. పెద్ద నర్సు ముఖం వేడెక్కిపోయింది. ఇన్నేళ్ళుగా ఎవరైనా తన పాదాలు చూస్తారేమోనని సిగ్గుపడింది. ఇప్పుడా సిగ్గు వేరే చోట పట్టుకుంది. పాదాలకైతే మేజోళ్ళు తొడుక్కుంది, దీనికి తొడగడానికి ఏమీ లేదు.

"వాళ్ళమ్మమ్మకు చూపించుకొస్తాను," అని బిడ్డను గుడ్డలో చుట్టి ఎత్తుకుంది. వేలు ఇంకా వేర్లలోనే ఉంది.

హాలు దాటి పంచలోకి వచ్చింది. బల్ల మీద అక్క పక్కన ఇటుకబట్టీ నుంచి వచ్చిన ఇంకొకామె కూర్చుని ఉంది. ఎండ వాలి, రేకుల కింది నుంచి నేరుగా వాళ్ళ ముఖాల మీద పడుతోంది. పొద్దుటినుంచీ అలాగే ఉన్నారు. నీళ్ళయినా ఎవరూ ఇచ్చినట్టు లేదు. ఇవ్వాలని తను కూడా ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు.

"ఆడపిల్ల. ఇద్దరూ కులాసా," అంది పెద్ద నర్సు.

అక్క గబుక్కున లేచింది. బిడ్డను చూసింది, బిడ్డ పాదాన్ని చూసింది, దాన్లో చిక్కుకున్న వేలిని చూసింది. కళ్ళు నిండాయి. కానీ గొంతు మామూలుగానే పెట్టి, "చల్లగా ఉండండి నర్సమ్మగారూ," అంది.

బట్టీ ఆమె వంగి చూసింది. "అరె, వేర్లు పట్టుకున్నాయే! ఈమె మీకేమవుతుంది?"

"ఏమీ కాదమ్మా," అంది అక్క వెంటనే. "ఇక్కడి పెద్ద నర్సుగారు. పసిబిడ్డ కదా, పొరపాటున పట్టుకుని ఉంటుంది."

ఆ మాట పెద్ద నర్సుకు పొద్దున తను అన్నదానికంటే గట్టిగా తగిలింది. అక్క ఆ మాట కసితో అనలేదు. చెల్లెలి పరువు కాపాడటం అలవాటైపోయి అనేసింది.

"నేను ఈమె చెల్లెల్ని," అంది పెద్ద నర్సు.

"మెల్లగా," అంది అక్క హాలు కేసి కంగారుగా చూస్తూ. "లోపల వింటారే."

"విననీ అక్కా."

అలా అని ఆమె ఖాళీగా ఉన్న చేత్తో బల్ల ఒక కొస పట్టుకుంది. "అటు పట్టు," అంది.

"ఎక్కడికి?"

"లోపలికి."

అక్క కదలలేదు. బట్టీ ఆమె ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "పట్టమంటున్నారు కదా, పట్టేస్తే పోలా," అని రెండో కొస ఎత్తింది. పాతకాలపు బల్ల, దుంగలాంటి బరువు. గడప దగ్గర ఒకసారి తట్టుకుంది. పలకల మీద కీచుమంటూ ఈడ్చుకొచ్చి, కుర్చీల వరసలో మధ్యగా పెట్టారు. కుర్చీల్లో ఉన్నవాళ్ళు కాళ్ళు పైకి ముడుచుకున్నారు. అక్క గుమ్మంలోనే ఆగిపోతే, పెద్ద నర్సు వెనక్కెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టింది. పక్కన తనూ కూర్చుంది. అక్క బిడ్డను ఒళ్ళోకి తీసుకున్నాక వేర్లు ఒక్కొక్కటిగా వదిలి, అక్క వేలిని పట్టుకున్నాయి.

చప్పుడుకు డాక్టరమ్మ వచ్చింది. బల్లను చూసి, నేలను చూసి, చివరికి పెద్ద నర్సును చూసింది.

"ఇదేంటండీ? మీరే కదా ఈ విషయంలో మా అందరికంటే కచ్చితంగా ఉండేది? నేల చూడండి!"

గుమ్మం నుంచి బల్లదాకా అడుగుల గుర్తులు పడ్డాయి. వేర్లు ఆనిన చోటల్లా పీచు పీచుగా సన్నటి మట్టి గీతలు.

"మా అక్కండీ," అంది పెద్ద నర్సు. "పొద్దున మీకు అబద్ధం చెప్పాను. నేల నేను తుడుస్తాను."

"మీరు తుడవడమేంటి?"

"ఇన్నాళ్ళూ నేల నేల అన్నది నేనే కదండీ."

డాక్టరమ్మ ఏదో అనబోయి, "రేపు మాట్లాడదాం," అని వెళ్ళిపోయింది.

ఆ మాట్లాడటం జరిగింది. పెద్ద నర్సును కాన్పుల గది నుంచి తీసి దుప్పట్లూ గుడ్డలూ ఉతికించే చోట వేశారు. బల్ల మాత్రం హాల్లోనే ఉండిపోయింది. దాన్ని బయట పెట్టించమని పైనుంచి రెండు మూడుసార్లు చెప్పారు కానీ, మొయ్యమంటే ప్రతివాడికీ నడుంనొప్పే. బిడ్డ వేర్లు తీయించలేదు. "మీ బల్ల ఎన్నాళ్ళు లోపలుంటుందో చూసి అప్పుడు ఆలోచిస్తాను" అంది అక్క కూతురు. పిన్నీ అని మళ్ళీ పిలవడానికి చాలాకాలం పట్టింది.

బల్ల లోపలికి తెచ్చిన ఆ సాయంత్రం మాత్రం పెద్ద నర్సు ఆయా దగ్గర బక్కెట్టూ గుడ్డా అడిగి తీసుకుంది. పలకల మీద నీళ్ళు చిందితే మేజోళ్ళు తడుస్తాయని, జోడూ మేజోళ్ళూ విప్పి గోడవార పెట్టింది. కుర్చీల్లోని వాళ్ళు ఆమె అరికాళ్ళకేసి చూశారు. ఆమె చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. ఎండిన మన్ను గట్టిగా పట్టి ఉంటుందని, చాలాసేపు తోమాల్సి వస్తుందని, గుడ్డను బాగా పిండి, గుమ్మం దగ్గరి మొదటి అడుగు మీద బలంగా అదిమింది.

ఒక్క తుడుపుకే పోయింది. పలక మళ్ళీ తెల్లగా మెరిసింది. ఇంకో అడుగు మీద మెల్లగా, వేళ్ళ కొసలతో మాత్రమే రాసి చూసింది. అదీ పోయింది. గుడ్డకు కాస్త మట్టిరంగు అంటుకుంది, అంతే.

"రావట్లేదా?" అని బల్ల మీంచి అక్క అడిగింది. "ఉండు, నేనొస్తాను."

"వస్తోందక్కా," అంది. తల మాత్రం ఎత్తలేకపోయింది.