లోపలున్నది ఐలన్నే

నక్కవాగు పొంగి లక్డారం తొవ్వ కోసుకుపోయినాక మూడో ఏడు అది. మందుల కంపెనీలో పందొమ్మిదేళ్ళుగా బాయిలర్ చూసుకుంటున్న ఐలన్నకు చలిజ్వరం పట్టుకుంది. అట్లాంటప్పుడు ఇంట్లోంచి ఇంకొకరిని పంపడం అక్కడి రివాజు. సూపర్‌వైజర్లూ చూసీ చూడనట్టే ఉండేవాళ్ళు. ఐలన్న తన గేటు కార్డు తమ్ముడు శ్రీశైలం చేతిలో పెట్టాడు. మధ్యాహ్నానికి ఆవిరి గొట్టం పగిలి శ్రీశైలం ఛాతీ దాకా ఉడికిపోయాడు.

కంపెనీ మనిషైతేనే కంపెనీ పెద్ద దవాఖానకు పంపుతుంది. శ్రీశైలం పేరు ఎక్కడా లేదు.

అందరి పేర్లూ డైరెక్టరీ అనే కంప్యూటర్ జాబితాలో ఉంటాయి. గేటయినా, క్యాంటీనయినా, బాయిలర్ రూము తలుపయినా దాన్ని అడిగాకే మనిషిని రానిస్తుంది. అందులో పేర్లు ఎక్కించే, తీసేసే ప్రోగ్రామ్ రాసింది రేఖ. మూడోనాడు ఐలన్న పోయి ఆమె ముందు నిలబడ్డాడు.

“బిడ్డా, మా తమ్ముని పేరు ఎక్కియ్యి. మొన్నటి తారీఖుతోని.”

“ఒక్క లైను పని, కాకా. కంపెనీ సేటు అల్లున్ని గట్లనే ఆర్నెల్ల ముందటి తారీఖేసి ఎక్కించిన. కని సారు చెప్పాలె గదా.”

సారంటే మేనేజర్ శివకుమార్. అక్కడికే వచ్చి, శ్రీశైలం జేబులో దొరికిన ఐలన్న కార్డు రేఖ బల్లమీదికి విసిరాడు. ఆవిరికి దాని మూల వంకర తిరిగింది.

“మొన్న లోపల ఎవరున్నరని అడిగితే డైరెక్టరీ ఐలన్నే అన్నది. కార్డు ఇంకొకనికిచ్చినవంటే నీ నౌకరి పోతది, రెండిండ్ల పొయ్యి ఆరుతది. నువ్వే డ్యూటీల ఉన్నవ్, నీ తమ్ముడు గోడ దుంకి జొచ్చిండు. గిట్ల రాసినం, సంతకం పెట్టు.”

“పందొమ్మిదేండ్ల సంది జేస్తున్న, సారూ.”

“అందుకే అడుగుతున్న. కొత్తోడైతే అడుగుతనా?”

మూడో తరగతితో ఆగిన అక్షరాలు. పేరు పూర్తి చేయడానికి చాలాసేపు పట్టింది. రేఖ తల ఎత్తలేదు.

చిన్న దవాఖాన వరండాలో శ్రీశైలం భార్య మొగులమ్మ ఎదురొచ్చింది.

“పేరు ఎక్కిచ్చిర్రా, బావా?”

“ఎక్కిస్తమన్నరు.”

“నువ్వడిగితే కాదంటరా ఏంది!” అని ఆమె భర్త మంచం దగ్గరికి పరుగెత్తింది, ఆ మాట అతనికి చెప్పడానికి.

మర్నాడు పొద్దున జ్వరంతోనే ఐలన్న సద్ది కట్టుకుని పోయి, వంకర కార్డు గేటుకు ఆనించాడు. పచ్చ దీపం వెలిగింది. లోపలికి పోయి బాయిలర్ ముట్టించాడు.