ఫ్రెంచి జీర

మనుషుల నోళ్లు చూసి చూసి నాకు మనుషుల మీద గౌరవం పోయింది. నేను కట్టుడు పళ్లు చేస్తాను. పక్క గదిలో డాక్టరు పీకుతాడు, ఈ గదిలో నేను అచ్చు తీసి, మైనంలో మలిచి, పళ్లు కూర్చి ఇస్తాను. ఎంత టిప్‌టాప్‌గా వచ్చిన పెద్దమనిషైనా నోరు తెరిచాడంటే అంతే సంగతులు. నా వెనక అలమరలో తెల్లటి సుద్ద అచ్చులు వరసగా ఉంటాయి, ఊళ్లో గొప్పవాళ్ల నోళ్లన్నీ అందులోనే ఉన్నాయి. అందుకే ఎవరెన్ని కబుర్లు చెప్పినా నేను మురిసిపోను.

చెవుల సంగతీ అంతే. శాక్సోఫోన్ వాయించేవాళ్లలో నూటికి తొంభైమంది గొర్రెలు. ఏది మంచిదిరా అంటే అందరూ ఒకటే పేరు జపిస్తారు. అదీ ఫ్రెంచి కంపెనీయే, కాదనను. కానీ ఆ కంపెనీ వెలిగిపోతున్న రోజుల్లోనే, అదే దేశంలో, సందుగొందుల్లో చిన్న చిన్న కార్ఖానాలు శాక్సోఫోన్లు చేసేవి. ఇప్పుడు వాటి పేర్లు చెబితే "అదేంటి, సబ్బా?" అని అడుగుతారు ఈ విద్వాంసులు. అడగనీ. తెలియనివాడికి తెలియకపోవడమే మంచిది, నాకు పోటీ ఉండదు.

ఆ పాతవాటి అందం వేరు. గాలి బయటికొచ్చే వెడల్పాటి నోరు అంచున చేత్తో చెక్కిన పువ్వులు, వేలు ఆనిస్తే చాలు దిగిపోయే మీటలు. అన్నిటికీ మించి గొంతు. కొత్తవి అన్ని స్వరాలనూ వార్తలు చదివినట్టు చదివేస్తాయి. వీటికి ఒక్కోదానికి ఒక్కో మొండితనం ఉంటుంది. ఒకటి పైకి వెళ్లేకొద్దీ శ్రుతి పెరుగుతుంది, ఇంకోదాని అడుగు స్వరం బతిమాలితే గానీ రాదు. ఊదేవాడు ప్రతి స్వరాన్నీ చెవితో విని పెదవితో సరిదిద్దుకోవాలి. చెవి లేనివాళ్ల కోసం బజార్లో మెరిసేవి బోలెడున్నాయి.

ఇలాంటివి దుకాణాల్లో దొరకవు. నాకు మాత్రం నా వృత్తే తెచ్చిపెట్టింది. బ్యాండుల్లో ఊదిన ముసలివాళ్లకి ముందు పళ్లు ఊడిపోతాయి, నా దగ్గరికొస్తారు, కట్టుడు పళ్లతో పట్టు చిక్కదు. "ఇంకెందుకులే" అనుకునే రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు నేను అక్కడుంటాను.

హోటలు తాత అలాగే వచ్చాడు. జీవితమంతా హోటలు డ్యాన్సు హాల్లో వాయించిన మనిషి. పైవరసలో ముందు పన్ను వంకరపోయి కదులుతోంది. పీకించుకోబోయే ముందు "ఒక్కసారి ఊదుకోనా బాబూ?" అని అడిగి, సుద్ద దుమ్ము మధ్యలోనే పెట్టె తెరిచాడు. ఎవరూ పేరైనా వినని ఫ్రెంచి కార్ఖానాది. నెమ్మదైన పాటేదో ఎత్తుకున్నాడు. మధ్యలో ఒక స్వరం వచ్చిన ప్రతిసారీ చిన్న జీర వినిపించింది, ఏడుపు దిగమింగుకుని మాట్లాడే మనిషి గొంతులో వస్తుందే, అలాంటిది. నా ఒళ్లు జలదరించింది. బడి నుంచి వచ్చి అక్కడే కూర్చున్న మా అమ్మాయి నోరు తెరుచుకుని వింటోంది. ఆ ఇత్తడిలో ఏదో మందు కలిపారనీ, ఆ రహస్యం ఆ పనివాళ్లతోనే పోయిందనీ నాకు అప్పుడే తేలిపోయింది.

కొత్త పళ్లు పెట్టాక తాత ఒకసారి ఊది చూశాడు. చూసి, పక్కన పెట్టేశాడు. "పళ్లు బాగున్నాయి గానీ, ఇది నేను కాదు బాబూ" అన్నాడు. ముసలి చాదస్తం అనుకున్నాను. పళ్ల సెట్టు ఆయన పట్టుకెళ్లాడు, శాక్సోఫోన్ నేను ఉంచుకున్నాను. ఆయనకి ఇంకా నా మీద కృతజ్ఞత కూడాను.

నేను ఊదితే ఆ జీర రాలేదు. ఊదే మూతి దగ్గర బిగించే రెల్లు చీలికని రీడంటారు, దాన్ని మార్చి మార్చి చూశాను. రాలేదు. మా అమ్మాయి దానిమీదే నేర్చుకుంది. కొంతకాలానికి ఓ రోజు సాయంత్రం లోపలి గదిలోంచి ఆ జీర వినిపించింది. "చూశారా, దానికి మనిషి నచ్చాలి" అని ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పాను. పాలవాడికి కూడా చెప్పాను.

ఇక మా బావమరిది. ఫంక్షన్ హాళ్లలో వాయిస్తాడు. వాడి శాక్సోఫోన్ నిన్నగాక మొన్న కొన్నది, బిందెకి మీటలు బిగించినట్టుంటుంది, పైగా నోటి మీద బ్యాండు పేరుతో ఎర్ర స్టిక్కరు. "బావా, నాది మొరాయించదు, అన్ని స్వరాలూ పలుకుతుంది, ఇంకేం కావాలి?" అంటాడు. "గాడిదకేం తెలుసురా గంధపు వాసన" అంటాను. నవ్వుతాడు. తిడితే నవ్వేవాణ్ని ఏం చెయ్యగలం?

మా అమ్మాయికి సంగీత కాలేజీలో చేరాలని ఒకటే పట్టు. శాక్సోఫోన్‌కి ఉన్నది ఒక్కటే సీటు. పోయిన ఏడు పరీక్షలో అడుగు స్వరం దగ్గర ఫ్రెంచిది బురబురమంది, పరీక్ష పెట్టేవాళ్లు చాలన్నారు. ఏడుస్తూ బయటికొచ్చింది. చెవులు లేని దద్దమ్మలని వాళ్లను తిట్టి ఇంటికి తీసుకొచ్చాను. ఈ ఏడు దాటితే వయసు పరిమితి దాటిపోతుంది, మళ్లీ అడిగే వీలు లేదు.

పరీక్షకు ముందు నా ఎదురుగా వచ్చి నిలబడింది. "నాన్నా, ఈ ఒక్కసారికి మావయ్యది పట్టుకెళ్తా. మనది అడుగున ఎప్పుడు పలుకుతుందో ఎప్పుడు పలకదో తెలీదు."

"ఆడలేక మద్దెల ఓడందిట నీలాంటిదే."

"ఏమండీ, అది దాని బతుకండీ. మీ సరదా కాదు" అంది మా ఆవిడ.

"ఆ డబ్బా పట్టుకెళ్తే నేను కాలేజీ గుమ్మం తొక్కను. అంత ఖర్మ పట్టలేదు నాకు" అన్నాను. అమ్మాయి లోపలికి వెళ్లిపోయింది. ఒప్పుకుందనుకున్నాను.

పరీక్ష రోజు తల్లీకూతుళ్లు ముందే వెళ్లారు. నేను ఒకావిడ పళ్లు సరిచేసి ఇచ్చి వెళ్లేసరికి అమ్మాయి అప్పటికే లోపల ఉంది, తలుపు మూసేశారు. శాక్సోఫోన్‌కి ఆఖరి వంతు తనదే. వరండాలో బెంచీల మీద తల్లిదండ్రులు. మా ఆవిడ నన్ను చూసి ఎందుకో లేచి, మంచినీళ్లు తాగొస్తానని వెళ్లిపోయింది. నా పక్కన ఒకాయన తన కొడుకు శాక్సోఫోన్ పెట్టెని పసిపిల్లాణ్ని పెట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకున్నాడు. పెట్టె మీద ఆ పేరే. అందరూ జపించేదే.

"మీ అమ్మాయిది ఏ కంపెనీ అండీ?" అన్నాడు పాపం.

"చెప్పినా మీకు తెలీదు లెండి."

లోపల మొదలైంది. అడుగు స్వరం గుడిగంటలా నిండుగా పలికింది. పోయిన వారమే దాని మీటలకి నూనె వేశాను, నా చేతి చలవే అనుకున్నాను. పాట మధ్యకొచ్చింది. జీర! అదే జీర, తలుపు దాటి, వరండా దాటి వచ్చి నా గుండెల్లో గుచ్చుకుంది. ఆయన భుజం పట్టుకుని ఊపేశాను.

"విన్నారా? అది! మీ కంపెనీ వాణ్ని తలకిందులుగా తపస్సు చెయ్యమనండి, వస్తుందేమో చూద్దాం. అది మనిషిలో లేదండీ, లోహంలో ఉంది. పేరు లేని కార్ఖానా, పేరు లేని పనివాళ్లు. కళ్లు మూసుకుని వెయ్యింటిలో దీన్ని గుర్తుపడతాను నేను!"

వరండా అంతా నావైపు తిరిగింది. ఆయన ఒళ్లో పెట్టెని మెల్లిగా కాళ్ల కిందికి తోశాడు. నాకు కళ్లనీళ్లు వచ్చాయి, తుడుచుకోలేదు. చూడనీ అనుకున్నాను.

తలుపు తెరుచుకుంది. మా అమ్మాయి ముఖమంతా నవ్వుతో బయటికొచ్చింది. మెడలో వేలాడుతున్నది బావమరిది బిందె. నోటి మీద ఎర్ర స్టిక్కరు.

"సీటిచ్చేశారు నాన్నా!" అంది.

"అది ఎవరిది?" అన్నాను.

దాని ముఖంలో నవ్వు అక్కడే ఆగిపోయింది. పక్కనున్నాయన వంగి స్టిక్కరు చదివి, "ఇదేనాండీ ఆ పేరు లేని కార్ఖానా?" అన్నాడు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. మంచినీళ్లు తాగి వచ్చిన మా ఆవిడ కూతుర్ని దగ్గరికి తీసుకుని నా వంక చూసింది. పెళ్లయినప్పటి నుంచి నన్ను అలా చూడలేదు.

మెట్లు దిగుతుంటే నేనే అడిగాను. "మరి ఆ జీర?"

"అది తాతది నాన్నా. ఆయన పై పన్ను కదిలేది కదా, ఆ స్వరం దగ్గర మీట మార్చేటప్పుడు పన్ను కదిలి గాలి జారేది. నాకు భలే నచ్చింది. నాలుకతో అలా చెయ్యడం నేర్చుకోడానికి రెండేళ్లు పట్టింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదుగా. అందరికీ నువ్వే చెబుతున్నావు."

వాళ్లు ఇంటికి వెళ్లారు. నేను నా పనిగదికి వెళ్లాను. అలమరలోంచి హోటలు తాత నోటి అచ్చు తీశాను. వంకర పన్ను సుద్దలో ఇంకా వంకరగానే ఉంది. వేలితో తడిమాను. దాని స్థానంలో చక్కగా, వరసగా, ఇసుమంతైనా కదలని పన్ను కట్టింది నేనే. ఊళ్లో పళ్ల గురించి నాకంటే తెలిసినవాడు లేడని నా పేరు. ఆయన నా ఎదురుగా కూర్చుని ఇది నేను కాదు అని చెప్పాడు కూడా.

ఇంటికొచ్చేసరికి బావమరిది మిఠాయి పొట్లంతో దిగబడి ఉన్నాడు. హాల్లో నవ్వులు. నేను నేరుగా లోపలి గదిలోకి వెళ్లి, తలుపు వేసుకుని, ఫ్రెంచిది తీసి గట్టిగా ఊదాను.

బాతు అరిచింది.

మళ్లీ ఊదాను. మళ్లీ బాతే. హాల్లో నవ్వులు ఆగిపోయాయి.

"రీడు పాడైంది!" అని అరిచాను.

"ఆడలేక..." అని మా ఆవిడ మొదలెట్టింది. "ఊరుకో అక్కా" అని బావమరిది అడ్డుకోవడం వినిపించింది. తర్వాత తలుపు దగ్గరికి వచ్చి, నెమ్మదిగా అన్నాడు.

"అవును బావా, రీడే అయ్యుంటుంది. రేపొచ్చేటప్పుడు కొత్తది తెస్తాలే."

ఇంత మర్యాదగా నన్ను జన్మలో ఎవరూ తిట్టలేదు.