ఒక తల్లి ఈగలు

అక్క పోయాక బావ మా ల్యాబుకు రావడం అదే మొదటిసారి. నేను ప్రయోగం కోసం మత్తిచ్చిన ఈగల్ని గాజు పలక మీద పోసి, కుంచెతో ఆడా మగా వేరు చేస్తున్నాను. ఏడుపు రావడం లేదు. ఏమీ రావడం లేదు. పని మాత్రం సాగుతోంది.

అక్కా నేనూ కవలలం, అచ్చు ఒకే పోలిక. బావ కాలేజీలో తత్వశాస్త్రం చెబుతాడు. ఏళ్ల తరబడి బావకీ నాకూ ఒకటే పోట్లాట. జీవపరిణామానికి నియమాలున్నాయంటాడు బావ. భూమిని మళ్లీ మొదటినుంచి నడిపినా కళ్లూ రెక్కలూ వచ్చి తీరతాయట! అంతా కాకతాళీయమంటాను నేను. "మీ గోల తగలెయ్య, టీ చల్లారిపోతోంది" అని అక్క మధ్యలో నవ్వేది.

బావ నా మొహం చూడకుండా సీసాల వరస వైపే చూస్తూ కూర్చున్నాడు.

"ఆ ఖాళీది ఏంటి?"

"ఒకే తల్లి పిల్లల్ని రెండు సీసాల్లో పెంచాం. అదే మేత, అదే వేడి. కొన్ని తరాలకి ఇందులోవి అంతరించిపోయాయి. పక్కవి బానే ఉన్నాయి."

"ఎందుకలా?"

"ఏమో."

"చూశావా! నువ్వన్నదే నిజం మరదలా. నియమం లేదు, గియమం లేదు. నేను ఒప్పేసుకుంటున్నా."

నాకు ఒళ్లు మండింది. చచ్చినా ఒప్పుకునే రకం కాదీ మనిషి. ఇప్పుడెందుకు ఒప్పుకుంటున్నాడో నాకు తెలుసు. అక్కని తీసుకుపోయిన జబ్బు పుట్టుకతోనే వచ్చిందని, నన్నూ రక్తపరీక్ష చేయించుకోమని డాక్టరమ్మ చెప్పింది. నేను వెళ్లలేదు. నియమమే ఉంటే, తర్వాత వంతు నాది.

"ఓడిపోకు బావా. కాకతాళీయమైతే అక్క ఊరికే పోయినట్టు. నాకో కారణం కావాలి."

"కారణం ఉంటే నువ్వు కూడా..." మాట మింగేశాడు.

"ఉండనీ."

బావ అప్పుడు తలెత్తి నా మొహం చూశాడు. చూసి కళ్లు మూసుకున్నాడు.

"ఎవరు గెలిచినా నాకొకటే. ఆ మొహాన్ని రెండోసారి సాగనంపడం నా వల్ల కాదు."

ఈగల్ని కొత్త సీసాలోకి దులిపి, దూది బిగించి, సీసాని పక్కకి పడుకోబెట్టాను. మత్తు వదలకముందే నిలబెడితే మేతలో అతుక్కుని చస్తాయి. చేతులు కడుక్కుంటుంటే నీళ్లు చల్లగా తగిలాయి. అప్పుడొచ్చింది ఏడుపు.

"పద బావా," అన్నాను. "పరీక్షకి రక్తం ఇచ్చొద్దాం."