ఆముదం తాగిన కీళ్లు

సంగటి గెలికిన తెడ్డు కడిగి గోడకు ఆనించి వెనక్కి తిరిగేసరికి వసారాలో గోనెసంచి కనిపించింది. కృపమణికి ఒళ్లు మండింది. సంచిలో ఏముందో విప్పి చూడనక్కర్లేదు. ఆసుపత్రి గ్యాసు మీటరు. దాన్ని మోసుకొచ్చిన మొగుడు లేవి "తిత్తులు ఎండినట్టుండాయి, సూడు" అని ఒక మాట పారేసి, తినడానికి పీట వాల్చుకుని కూర్చున్నాడు. ఆమె ఇంకా తినలేదని ఆయనకు తెలుసు. తెలియడం వేరు, తట్టడం వేరు.

ఆ రోజుల్లో బేతంచెర్ల చుట్టుపక్కల ఇళ్లలో ఆముదం దీపాలే. కాస్త కలిగినవాళ్లయితే కిరసనాయిలు దీపం. మిషను ఆసుపత్రిలో మాత్రం గ్యాసు దీపాలు వెలిగేవి. ఆసుపత్రి వెనక గ్యాసు కొట్టంలో ఎర్రగా కాలిన ఇనుప గొట్టంలోకి కిరసనాయిలు బొట్లుబొట్లుగా వదిలితే గ్యాసు పుడుతుంది. అది సన్న గొట్టాల వెంట ఆపరేషను గదికీ, కాన్పుల గదికీ, డాక్టరు దొరసాని బంగళాకూ పోతుంది. ఎక్కడ ఎంత కాలిందో తెలియాలని ఒక్కోచోట ఒక్కో మీటరు. వీటన్నిటికీ మేస్త్రి లేవి. ఊళ్లో లేవి ఇల్లెక్కడంటే ఎవరూ చెప్పలేరు గానీ గ్యాసు మేస్త్రి ఇల్లంటే గొర్రెల కాపరి కూడా దారి చూపిస్తాడు.

మీటరంటే మరీ బ్రహ్మవిద్యేమీ కాదు. రేకు పెట్టె, లోపల రెండు తోలు తిత్తులు. ఒకటి గ్యాసు నింపుకుంటుంటే రెండోది వదులుతుంది. కొలిమి తిత్తిని మనిషి ఊదిస్తాడు, ఇక్కడ గ్యాసే తిత్తిని ఊదుతుంది. ఆ కదలికను సన్నటి ఇత్తడి కడ్డీలు పైకి అందుకుని, కీలు మీద కీలుగా, గ్యాసు దారిని తెరిచి మూసే పలకల్నీ అంకెల ముల్లునూ నడుపుతాయి. ఒక్క కీలు మొరాయించిందా, తిత్తులు మధ్యలో నిలబడిపోతాయి, గ్యాసు ఆగిపోతుంది, అక్కడ గదిలో దీపం ఆరిపోతుంది.

తోలు పని కృపమణికి పుట్టింటి విద్య. వాళ్ల నాయన ఎద్దులతో నీళ్లు తోడే కపిలె బావులకు తోలు బానలు కుట్టేవాడు. పెళ్లయిన కొత్తలో లేవి మొదటి మీటరు ఇంటికి తెచ్చి, మీ నాయన కుట్టేదీ తోలే, ఇదీ తోలే అన్నాడు. అంతే. ఆ రోజు నుంచి చిరిగిన తిత్తి కుట్టడం, ఎండిన తిత్తికి ఆముదం పట్టించి పిసికి మెత్తబరచడం ఆమె నెత్తిన పడ్డాయి. లేవి రేకు పెట్టెకు సీసంతో వేసిన అతుకు, అదే మాటు, విప్పి తెస్తాడు, ఆమె బాగుచేస్తుంది, ఆయన పట్టుకుపోయి మళ్లీ మాటు పెడతాడు. జీతం మాటు పెట్టిన చేతికి. ఆడవాళ్ల ప్రార్థన కూటంలో ఎవరో ఈ సంగతి చెబితే, ఇలాంటి భార్య ఇంటికి దీవెన అని దొరసాని మెచ్చుకుని ఒక రంగుల బొమ్మ ఆమె చేతిలో పెట్టింది. అత్త విశ్వాసమ్మ దాన్ని మెతుకులతో గోడకు అంటించి వచ్చినవాళ్లందరికీ చూపించింది. దీవెనలకు నడుం నొప్పి రాదని వీళ్లందరి నమ్మకం కాబోలు అనుకుంది కృపమణి.

ఇంత చాకిరీ చేసినా ఆమెకు కోపం రాలేదు, ఆ మధ్య హులిగెమ్మ కాన్పు జరిగేదాకా. హులిగెమ్మ పక్కింటి మనిషి. కరువుకు కోసిగి నుంచి మొగుడితో వలస వచ్చి, ఆసుపత్రి పక్కన బండల కొట్టంలో నాపరాళ్లకు నునుపు పెట్టే కూలి చేస్తోంది. బిడ్డ అడ్డం తిరిగిందని కాన్పుల గదిలోకి తీసుకుపోయారు. సరిగ్గా దొరసాని చెయ్యి పెట్టిన సమయంలో దీపం గుడ్డిదై ఆరిపోయింది. లాంతరు వెతికి తెచ్చేలోపు చాలా నెత్తురు పోయింది. తల్లీబిడ్డలు దక్కడం దేవుని దయ.

దొరసాని లేవిని నిలబెట్టి కడిగేసింది. లేవి ఇంటికొచ్చి పెళ్లాన్ని కడిగేశాడు. "నీ తిత్తిని నమ్ముకుంటే ఒక మనిషి పాణం పోతాండె ఈపొద్దు" అన్నాడు. పని సజావుగా సాగినన్నాళ్లూ అది ఎవరి పనో ఇంట్లో ఒక్కరికీ గుర్తు రాలేదు. చెడగానే అందరికీ ఆమె పేరే గుర్తొచ్చింది. కృపమణికీ అదే అనుమానం. నిజంగానే తన కుట్టు విడిపోయిందేమో, తన చేతుల వల్లే ఆ పిల్ల చావు అంచుకు పోయిందేమో అని లోపల లోపల కుమిలిపోయింది. చూడటానికి వెళ్లి హులిగెమ్మ ముఖంలోకి చూడలేక, బిడ్డ కాళ్లు నిమిరి వచ్చేసింది.

అప్పట్లో ఆ కాన్పుల గది మీటరు ఇంటికి వచ్చాక విప్పి చూస్తే తిత్తులు రెండూ నిక్షేపంగా ఉన్నాయి. కుట్టు కుట్టులాగే ఉంది. చెడింది పైన కీలు. గుండ్రంగా ఉండాల్సిన కీలు కన్ను అరిగి అరిగి గుడ్డులా సాగిపోయింది, అందులో చీల లొడలొడలాడుతోంది. చుట్టూ పచ్చటి బంక, బంకలో తెల్లటి దుమ్ము. ఆమెకు ముందు ఏడుపొచ్చింది, తర్వాత కోపం వచ్చింది. తప్పు తనది కాదని తెలిసిన మనిషికి ఎంత తేలిగ్గా ఉండాలి! ఉండలేదు. ఇన్ని దినాలు ఊరికే కుమిలిపోయానే అన్న కచ్చే ఎక్కువైంది.

కీలు ఎందుకు అరిగిందో హులిగెమ్మ దగ్గర తెలిసింది. పచ్చి బాలింత మళ్లీ పనిలోకి పోతే బువ్వ ఇచ్చి వద్దామని బండల కొట్టానికి వెళ్లింది కృపమణి. హులిగెమ్మ బండ మీద ఇసక చల్లి, నీళ్లు పోసి, ఇంకో రాయితో రుద్దుతోంది. ఉత్త రాయితో రుద్దితే ఏమీ కాదు, ఇసకా నీళ్లూ కలిసినప్పుడే బండ అరిగి నునుపు తేలుతుంది. కృపమణి బువ్వ ముంత పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మా ఇంట్లో జరిగేదీ ఇదే కదా అనుకుంది. కొట్టంలోంచి లేచే రాతిదుమ్ము గాలికి వచ్చి విప్పిన మీటరు మీద పడుతుంది. లేవి కీళ్లన్నిటికీ ధారాళంగా ఆముదం పోస్తాడు. ఆముదం, దుమ్ము కలిసి ఇత్తడిని రోజూ నునుపు పెడుతున్నాయి.

సీమలో ఏది కిర్రుమన్నా ఆముదమే మందు. బండి ఇరుసుకు ఆముదం, కపిలె గిలకకు ఆముదం, చంటిబిడ్డ మాడుకు ఆముదం. అలాంటి చోట కీళ్లకు ఆముదం వద్దన్న ఆడదాని మాట ఎవరి చెవికెక్కుతుంది? లేవి నవ్వి ఊరుకున్నాడు. విశ్వాసమ్మ మాత్రం ఊరుకోలేదు. "సమురు లేకుండా ఇరుసు తిరుగుతాదంట. ఇంగ బండ్లన్నీ నిన్నడిగి తోలల్ల మే" అంది. అప్పటి నుంచి కొన్నాళ్లు ఆమెకు ఇంట్లో ఇంజినీరమ్మ అని పేరు. మరిది ఏసేపు కూడా నీళ్లడగాలంటే ఇంజినీరమ్మా అనే పిలిచేవాడు.

ఆ ఎగతాళి మనసులో పెట్టుకుందే గానీ తన ఆలోచన మానలేదు కృపమణి. విరిగిన తన కొమ్ము దువ్వెన వీపు కోసి చిన్న బిళ్ల చేసింది. సాగిన కీలు కంటిని ఆకురాయితో గుండ్రంగా రాచి, అందులో ఆ కొమ్ము బిళ్లను బిగించి, తోలు కుట్టే ఆరెతో బిళ్లకు చీలపాటి బెజ్జం పెట్టింది. ఇప్పుడు ఇత్తడి మీద ఇత్తడి రాపిడి లేదు. కొమ్ముకు సమురు అక్కర్లేదు. తిత్తి ఆముదం కడ్డీ వెంట కీలుదాకా పాకకుండా కడ్డీకి బిగుతుగా ఒక తోలు పట్టీ కట్టింది. లేవికి చెప్పలేదు. చెబితే వద్దంటాడు. వద్దన్నాక చేస్తే మొండిదంటారు. అడక్కుండా చేస్తే ఏమీ అనరు, ఎందుకంటే చూడరు. కీళ్లకు ఆముదం నేనే పట్టించినాను, నువ్వు పోయొద్దు అని మాత్రం అబద్ధమాడింది.

ఎండాకాలం వెళ్లింది. మిగతా మీటర్లు మళ్లీ మళ్లీ గోనెసంచి ఎక్కాయి. కాన్పుల గది మీటరు ఒక్కసారి కూడా ఇంటిముఖం చూడలేదు. లేవికి అనుమానమొచ్చి విప్పి చూసి, తిన్నగా ఇంటికొచ్చి ఇదేమని అడిగాడు. ఆమె చెప్పింది. పెళ్లయ్యాక మొదటిసారి ఆయన మధ్యలో అడ్డం రాకుండా పూర్తిగా విన్నాడు. విని, "శానా మంచి పని చేసినావే" అన్నాడు. ఆ ఒక్క మాటకు కృపమణి సిగ్గులేకుండా పొంగిపోయింది.

ఆ పొంగు మీద నీళ్లు చల్లడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. లేవి ఆ మీటరు దొరసానికి చూపించాడు. మీటర్లన్నిటికీ ఇలాగే చేయాలనీ, దానికని గ్యాసు కొట్టంలో జీతమిచ్చి ఒక మనిషిని పెడదామనీ దొరసాని అన్నదట. ఈ కబురు వినగానే కృపమణి మనసు ఎక్కడెక్కడికో పోయింది. కొట్టంలో కిటికీ పక్కన బల్ల, బల్ల ముందు తను. ముందు వంట, తర్వాత తోలు అని కాకుండా పని గంటకు పని. జీతం రోజున తన కొంగున తన ముడి. తెల్లారి నుంచి లేవి నోటి నుంచి తన పేరు వస్తుందని ఎదురు చూస్తూ, కూరలో ఉప్పు వేయడం మరిచిపోయింది.

లేవి ఉప్పు లేదని ముందు చెప్పి, తర్వాత అసలు మాట చెప్పాడు. "ఏసేపును పెట్టిస్తాండా. దొరసాని సోమారం వచ్చి సూస్తానన్యాది. ఆలోగా నువ్వు వానికి నేర్పియ్."

"నేను చేసేది కదా అది" అంది కృపమణి.

"నువ్వు కాదని ఎవురన్యారు? ఆడమనిషివి, గ్యాసు కొట్టంలో యాడ కూర్చుంటావు?"

అత్త అందుకుంది. మగపిల్లోడు ఊరికే తిరుగుతున్నాడనీ, వాడికి పిల్లనివ్వాలంటే ఒక ఉద్యోగముండాలనీ, ఇద్దరి సంపాదన ఇంటికొస్తే సుఖపడేది కోడలేననీ అంది. సుఖమంటే ఇద్దరు ఉద్యోగస్తులకు సంగటి గెలికి పెట్టడమని విడిగా చెప్పలేదు, అది చెప్పక్కర్లేదు.

ఏసేపు చెడ్డవాడు కాదు. కూర్చున్నాడు, పాపం. కొమ్ము బిళ్ల చీల్చాడు, ఇంకోటి చీల్చాడు, ఆరె వేలికి గుచ్చుకున్నాడు. "వదినా, ఇది నా చేతికి లొంగేది కాదు. నువ్వే చేసియ్, నేను పట్కపోతా" అన్నాడు. ఇంట్లో అందరికీ ఆ ఏర్పాటు భేషుగ్గా నచ్చింది. సోమవారానికి ఆపరేషను గది మీటరు సిద్ధం కావాలి. కృపమణి చేయాలి, ఏసేపు చూపించాలి, ఉద్యోగం ఏసేపుది కావాలి.

సోమవారం దాకా ఉన్న రెండు దినాలూ ఆమెకు ఇదే ఆలోచన. చేయనని చెబుదామనుకుంది. లేదంటే కీలును వదులుగా వదిలేసి, దొరసాని ముందే ఏసేపు తెల్లమొహం వేసేలా చేద్దామనుకుంది. అలా అనుకున్నప్పుడల్లా కత్తి కింద ఎవరో పడుకున్నట్టు, దీపం గుడ్డిదవుతున్నట్టు కళ్లకు కట్టేది. పొలం పని మానేస్తే ఆసామి నష్టపోతాడు. ఈ పని మానేస్తే చచ్చేది ఇంకో హులిగెమ్మ. ఆడవాళ్లకు పడే పనులన్నీ ఇంతే, మానేస్తే శిక్ష ఎప్పుడూ ఇంకెవరికో పడుతుంది. పళ్లు నూరుకుంటూనే కొమ్ము రాచింది. ఇంత కోపంలోనూ పని తప్పుగా చేయడానికి చేతులు ఒప్పుకోలేదు, దానికి ఇంకా కోపమొచ్చింది.

సోమవారం పొద్దున అన్నదమ్ములిద్దరూ ముందు పోయారు. మీటరు అయిపోగానే తెప్పించుకుంటామన్నారు. ఆమె ఆఖరి కీలు మిగిల్చి లేచింది. పొయ్యి మీద ఎసరు మరుగుతుంటే అందులో పిండి పోయకుండా పొయ్యి ఆర్పింది. ఆరె, ఆకురాయి, కొమ్ము ముక్క కొంగున కట్టుకుని, మీటరు నెత్తిన పెట్టుకుంది. ఎక్కడికే అని అత్త అడిగితే పనికి పోతాండానత్తా అంది. బండల కొట్టం మధ్య నుంచి పోతుంటే రాళ్లు రుద్దే ఆడవాళ్లు చేతులాపి చూశారు. హులిగెమ్మ ఇసక తట్ట పక్కకు జరిపి దారి ఇచ్చింది. కృపమణికి భయమేసింది, అయినా నడక ఆగలేదు.

గ్యాసు కొట్టంలో కిటికీ పక్క బల్ల మీద మీటరు దించి, స్టూలు లాక్కుని కూర్చుంది. లేవి ముఖం నల్లబడింది. ఇంటికి పొమ్మని పళ్ల బిగువున అన్నాడు. ఏసేపు తల గీరుకుంటూ పక్కకు జరిగాడు. ఆమె తలెత్తకుండా చీల బిగించడం మొదలుపెట్టింది.

దొరసాని వచ్చింది. అప్పుడే ఏదో కాన్పు చేసి చేతులు తుడుచుకుంటూ వచ్చినట్టుంది. కృపమణిని చూసి ఆగి, ఈమె ఇక్కడికి ఎందుకొచ్చిందని లేవిని అడిగింది. మరిదికి సాయం వచ్చిందమ్మా, ఇప్పుడే పోతుంది అని లేవి నసిగాడు. దొరసాని చిరునవ్వు నవ్వింది. అది ప్రార్థన కూటంలో దీవెన అన్నప్పటి నవ్వే. దాన్ని చూడగానే కృపమణికి భయం పోయింది.

లేచి నిలబడింది గానీ బల్ల దగ్గర నుంచి జరగలేదు.

"సాయం కాదమ్మా" అంది. "కొమ్ము పెట్టిందీ నేనే, ఆముదం మాన్పించిందీ నేనే. ఇన్నాళ్లూ ఇంటికాడ కూర్చోని చేస్తాంటే, అది ఇంటి పనైపోయినాది. అందుకే ఈపొద్దు ఈడికొచ్చి చేస్తాండా."