ఆరబెట్టిన గింజలు

మొలకెత్తని నూరో గింజను కూడా నిలువునా కోసి చూసింది ఆమె. పప్పు నల్లబడి ఉంది. కాగితం మీద "మొలిచినవి: సున్నా" అని రాసింది. ఏడుపు రావాల్సిన చోట ఏమీ రాలేదు. ఆకలి మాత్రం వేసింది.

ఈ అడవి విత్తనాల నిలయంలో అందరూ ఆమెను గింజల టీచరమ్మ అంటారు. ఏ చెట్టు గింజైనా ముందు ఆరబెట్టాలి, తర్వాత చలిగదిలో దాచాలి, అలా దాస్తే వందేళ్లు బతుకుతుందని పన్నెండేళ్లుగా కనబడ్డవాళ్లందరికీ పాఠం చెబుతోంది. కానీ కొన్ని గింజలకు తడే ప్రాణం. ఆ సంగతి వీటిని కోసుకొచ్చిన బాబాయి చెప్పనే చెప్పాడు. చెట్లెక్కడమే ఆయన ఉద్యోగం. అరవై దాటినా ఆయన తాడేసి ఎక్కుతుంటే కోతులు పక్కకి తప్పుకోవాల్సిందే. "ఇవి ఆరితే చస్తాయమ్మా, తడిగుడ్డలో ఉంచు," అన్నాడు. ఈవిడ తలూపింది, తీసుకెళ్లి ఆరబెట్టే గదిలో పరిచేసింది. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా!

అది నిరుటి మాట. తర్వాత వానలు మొహం చాటేశాయి. ఆ జాతిలో మిగిలిన పదిహేడు చెట్లూ కొండమీదే నిలువునా ఎండిపోయాయి. ఈ గింజలతో నారు పోసి, ఇంకా ఎత్తున, చల్లగా ఉండే కొండమీద నాటాలనుకున్నారు. మిగతా గింజలు తెరిచి చూడక్కర్లేదు. అన్నీ కలిసే ఆరాయి.

మధ్యాహ్నం బాబాయి వచ్చాడు.

"ఎన్ని మొలిచాయమ్మా?"

"ఒక్కటీ లేదు బాబాయ్. నువ్వు చెప్పినా వినకుండా ఆరబెట్టాను. నేనే చంపేశాను."

తిడితే బాగుండునని ఎదురుచూసింది. ఆయన తిట్టలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"అన్నీ అంతేనా?"

"అన్నీ అంతే."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆమె అడిగింది.

"కొండ దిగువన వాగు పక్కన ఇంకా తడుందన్నావుగా. నిరుడు రాలిన గింజలు దొర్లి, అక్కడేమైనా మొలిచి ఉంటాయా?"

బాబాయి తల అడ్డంగా ఊపాడు.

"ఎక్కడివమ్మా? మన దగ్గరైతే భద్రంగా ఉంటాయి, అడవిలో ఒక్కటీ వదలొద్దన్నావు. కొమ్మల చివరిదాకా పాకి కోశాను. కిందపడ్డవి కూడా ఏరుకొచ్చేశాను."