ఆగు మామయ్య

పెట్టె తెరిచే ముందు దాన్ని అరచేతిలో పెట్టుకుని ఒకసారి తూచి చూడటం అతని అలవాటు. పక్కనే ఎర్రటి అంకెల తూకం యంత్రం ఉంది. అయినా ముందు చెయ్యి, తర్వాతే యంత్రం. ఈ ఉదయం మొదటి పెట్టె మీద సెల్‌ఫోను బొమ్మ ఉంది. చేతిలోకి తీసుకోగానే "నువ్వు ఫోనువి కాదులే" అని దానితోనే మెల్లగా అన్నాడు. బ్లేడుతో టేపు కోస్తే లోపల గుడ్డపీలికలో చుట్టిన నేలపలక ముక్కలు రెండు బయటపడ్డాయి. కొన్నవాడు ఫోను ఉంచేసుకుని, పలకలు వెనక్కి పంపి, డబ్బు తిరిగిమ్మంటున్నాడు. అతనికి కోపం రాలేదు, నవ్వూ రాలేదు. పలకల్ని కెమెరా కింద పెట్టి ఫొటో తీసి, చీటీ మీద "వస్తువు వేరు" అని రాసి, ఎడమచేతి వైపున్న ఎర్ర బుట్టలో వేశాడు.

జనం ఇళ్ళల్లో కూర్చుని ఆన్‌లైన్లో కొని, నచ్చకో సరిపోకో వెనక్కి పంపిన సరుకంతా ఈ రేకుల షెడ్డుకే చేరుతుంది. తొమ్మిదేళ్ళుగా అతను ఆరో నంబరు బల్ల దగ్గర నిలబడి వాటిని విప్పి చూస్తున్నాడు. రోజుకి నూట ఇరవై పెట్టెలు. యాభై ఆరేళ్ళ బక్కపలచని మనిషి, మెడలో దారంతో వేలాడే కళ్ళజోడు, ఎడమచేతి బొటనవేలి మీద బ్లేడు గీసిన సన్నటి గాట్లు. ఒక్కసారి తొడిగి వెనక్కి పంపిన పెళ్ళి చెప్పులు, సెంటు వాడేసిన సీసాలో పంపునీళ్ళు, ఇలాంటివి చూసీ చూసీ మనుషుల మీద అతనికి నమ్మకం పోలేదు గానీ, తొందర మీద మాత్రం పూర్తిగా పోయింది.

అందుకే వీధిలో అతనికి ఆగు మామయ్య అని పేరు పడింది. ఎవరు ఏం కొనాలన్నా ముందు ఫోను తెచ్చి అతనికి చూపించాల్సిందే. అతని నోటి నుంచి వచ్చే మొదటి మాట ఒకటే, "ఆగు." కొనకుండా ఆన్‌లైన్ బుట్టలో వేసి మూడు రోజులు వదిలెయ్యమంటాడు. "మూడో రోజుకి ధరైనా తగ్గుద్ది, మోజైనా తగ్గుద్ది" అంటాడు. పిల్లలు అతన్ని చూస్తే చెయ్యి అడ్డం పెట్టి ట్రాఫిక్ పోలీసులా నిలబడేవాళ్ళు. అతను కూడా బుద్ధిగా ఆగేవాడు.

రెండో పెట్టెలో ఊయల వచ్చింది. పసిపిల్లల ఊయల, ఇంకా ప్లాస్టిక్ తొడుగు కూడా తియ్యలేదు. కారణం అన్న గడిలో "ఇక అవసరం లేదు" అని ఉంది. అతను దాన్ని మామూలు కంటే నిదానంగా మడిచి పెట్టాడు. మనసు అసలే బాగాలేదు. గోడ గడియారం తొమ్మిదీ ఇరవై చూపిస్తోంది.

మనసు బాగా లేకపోవడానికి కారణం ఇంట్లో ఉంది. అతను పెళ్ళి చేసుకోలేదు. బావగారు పోయాక చెల్లెలూ మేనకోడలూ అతనితోనే ఉంటున్నారు. చెల్లెలు ఇంట్లో మిషను మీద స్కూలు యూనిఫారాలు కుడుతుంది. మేనకోడలు రెండేళ్ళు వీధి పిల్లలకి ట్యూషన్లు చెప్పి లాప్‌టాప్ కోసం ముప్పై నాలుగు వేలు దాచింది. ఒకటో తారీఖు నుంచి ఇంట్లోనే కూర్చుని చేసుకునే ఉద్యోగం దొరికింది, కానీ లాప్‌టాప్ సొంతది ఉండాలన్నారు. నచ్చినదాని ఖరీదు యాభై వేల పైచిలుకు. పొద్దున్న ఎనిమిదింటికి అతను బూట్లు తుడుచుకుంటుంటే ఆ పిల్ల ఫోను పట్టుకొచ్చింది.

"మామయ్యా, ఇది చూడు. అదే లాప్‌టాప్, సగం ధరకిస్తున్నాడు. సాయంత్రం నాలుగు దాకానే."

పేజీ పైన గడియారం ఒకటి వెనక్కి తిరుగుతోంది. ఎనిమిది గంటలకి ఇంకా నాలుగు క్షణాలు తక్కువ. అతను కళ్ళజోడు పెట్టుకుని కిందదాకా చూశాడు. కొట్టు అడ్రసు లేదు. ఫోను నంబరు లేదు. వస్తువు చేతికొచ్చాక డబ్బిచ్చే వీలు లేదు, మొత్తం ముందే కట్టాలి.

"ఆగమ్మా. సాయంత్రం వచ్చాక ఇద్దరం చూద్దాం."

"నువ్వొచ్చేది ఆరింటికి. నాలుక్కే అయిపోతుంది."

"అయిపోతే అయిపోనీ."

"నీకు అన్నిటికీ ఆగడమే మామయ్యా. ఒకటో తారీఖు ఆగదుగా."

ఆ మాట నిజమే. బస్సులో కూర్చున్నంతసేపూ దాన్నే నమిలాడు. షెడ్డు గేటు దగ్గర దిగాక ఏదో తోచి, మేనకోడలు పంపిన లింకును తన ఫోనులో తెరిచాడు. అప్పుడు టైము సరిగ్గా తొమ్మిదికి రెండు నిమిషాలు తక్కువ. పేజీలో గడియారం మళ్ళీ ఎనిమిది గంటల నుంచి మొదలైంది. అంటే ఎవరు ఎప్పుడు తెరిస్తే అప్పటినుంచి ఎనిమిది గంటలు. అది గడియారం కాదు, తరుముకొచ్చే కర్ర.

వెంటనే ఫోను చెయ్యబోయాడు. అంతలో గంట మోగింది. ఈ షెడ్డులోకి ఫోను తీసుకుపోనివ్వరు. గేటు పక్క ఇనప బీరువాలో పెట్టి తాళం వేసుకుని, జేబులు తడిమించుకుని లోపలికి పోవాలి. ఒక నిమిషం ఆలస్యమైతే అరగంట జీతం కట్. తొమ్మిదేళ్ళలో ఆ అరగంట అతను ఒక్కసారీ పోగొట్టుకోలేదు. చెయ్యి తనంతట తానే ఫోనును బీరువాలో పెట్టేసి తాళం తిప్పింది. మధ్యాహ్నం చూద్దాంలే అనుకున్నాడు. భోజనానికి కూడా గేటు దాటనివ్వరన్న సంగతి, ఒకసారి దాటితే ఇక ఆ రోజుకి లోపలికి రానివ్వరన్న సంగతి, బల్ల దగ్గరికి వచ్చాక గానీ గుర్తు రాలేదు.

పెట్టెలు వస్తూనే ఉన్నాయి. ఒక పెట్టె నిండా చుట్టిన పాత పేపర్లు చూసి అతనికి సబ్బు గుర్తొచ్చింది.

పన్నెండేళ్ళ క్రితం అమ్మకి చెముడు ముదిరింది. చెవి మిషను సగం ధరకి వస్తోందని, ఆ రాత్రితో ఆఖరని చూసి, ఎవరినీ అడక్కుండా డబ్బు కట్టేశాడు. వారానికి పార్సిలు వచ్చింది. విప్పితే నీలం కాగితంలో బట్టల సబ్బు. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ముందు చెవులు కడుక్కోమన్నాడేమోలేరా" అని నవ్వింది. ఎంతయిందని చెల్లెలడిగితే ఐదొందలన్నాడు. తర్వాతి చలికాలంలో అమ్మ పోయింది. ఆఖరి రోజు దాకా ఆవిడకి ఏ మంచి మాట చెప్పాలన్నా అరిచి చెప్పాల్సొచ్చేది, వీధి మొత్తం వినేది. ఆ సబ్బును అతను వాడనివ్వలేదు, పారెయ్యనివ్వలేదు. వంటింటి కిటికీ గూట్లో పెట్టాడు. చిన్నప్పుడు మేనకోడలు బుడగలు ఊదుతానని అడిగితే, మరో కొత్త సబ్బు కొనిచ్చాడు గానీ దాన్ని ముట్టుకోనివ్వలేదు.

రెండు దాటేసరికి అరవై పెట్టెలే అయ్యాయి. చెయ్యి తూచడం మానేసింది. ఎడమ భుజం పొద్దుటి నుంచీ లాగుతూనే ఉంది. ఆర్నెల్ల క్రితం కంపెనీవాళ్ళు ఆరోగ్య పరీక్షలు పెట్టినప్పుడు నర్సమ్మ అతని బీపీ రెండుసార్లు చూసి, డాక్టరుకి చూపించుకోమనీ, ఇంట్లో మిషను కొనుక్కుని రోజూ రాసుకోమనీ చెప్పింది. అతను మిషను బుట్టలో వేశాడు. పదిహేను వందలు. ఒకసారి పదమూడు వందలకి దిగింది, చూసుకునేలోపు మళ్ళీ పెరిగింది. మళ్ళీ దిగుతుందని చూస్తున్నాడు. మిషను వచ్చాక లెక్కలు రాసుకుని, వాటితోనే డాక్టరు దగ్గరికి వెళ్తే సరిపోతుందని అతని ఆలోచన. "రెండొందల కోసం ఆర్నెల్లేంటి అన్నయ్యా" అని చెల్లెలు సణుగుతుంది. రెండొందలు చెట్లకి కాస్తాయా అంటాడు.

రెండున్నరకి బ్లేడు మూసి బల్ల మీద పెట్టి, సూపర్‌వైజరు దగ్గరికి నడిచాడు.

"ఇంటికెళ్ళాలి సార్."

సూపర్‌వైజరు తలెత్తి చూశాడు. "ఎవరికైనా బాలేదా?"

"అందరూ బానే ఉన్నారు. ఒక ఫోను చెయ్యాలి."

"ఫోను కోసం సగం రోజు పోతుంది. తెలుసుగా?"

"తెలుసు సార్."

సంతకం పెట్టి గేటు దాకా ఇంచుమించు పరిగెత్తాడు. బీరువా తాళం రెండుసార్లు జారింది. మొదటిసారి మోగి మోగి ఆగిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి ఎత్తింది.

"కొనేశావా?"

"లేదు మామయ్యా. మూడుసార్లు వేలు అక్కడిదాకా వెళ్ళింది. నువ్వు ఆగమన్నావుగా, ఆగాను. ఫోను కనబడితే నొక్కేస్తానని అమ్మ మిషను డ్రాయరులో పడేశా. అందుకే వినబడలా."

అతను గేటు స్తంభానికి ఆనుకున్నాడు. గుండె ఇంకా దడదడలాడుతోంది. "మీ అమ్మ ఫోనులో ఆ పేజీ తెరువు. గడియారం ఎంత చూపిస్తోందో చెప్పు."

అటువైపు కుట్టుమిషను చప్పుడు ఆగింది. తర్వాత నవ్వో ఏడుపో తెలియని గొంతుతో, "ఎనిమిది గంటలంటోంది మామయ్యా" అంది. మళ్ళీ తనే, "ఇంతకీ నువ్వు బయటికెలా వచ్చావు? సగం రోజు పోయినట్టేగా?"

"పోతే పోయింది."

ఆ మాట అతని నోటి వెంట రావడం ఆ పిల్ల పుట్టాక అదే మొదటిసారి. "ఆదివారం ఇద్దరం కూర్చుని మంచి కొట్టులో చూద్దాం. పాతదాన్ని బాగుచేసి గ్యారంటీతో అమ్మేవాళ్ళున్నారు, నీ డబ్బుల్లోనే వస్తుంది" అని చెప్పి పెట్టేశాడు.

రోజూ సాయంత్రం ఒక స్టాపు నడిచి బస్సెక్కుతాడు, టికెట్టు తగ్గుతుందని. ఇవాళ గేటు దగ్గరే ఎక్కాడు. ఆ వేళప్పుడు బస్సంతా ఖాళీ. కిటికీ పక్క సీటు దొరికింది. ఎండలో వీధులు కొత్తగా కనిపించాయి. బళ్ళు వదిలిన పిల్లలు, కొట్ల ముందు నీళ్ళు చల్లుతున్న వాళ్ళు, వీళ్ళెవరినీ ఇన్నేళ్ళలో అతను ఈ వేళకి చూడలేదు. హాయిగా అనిపించింది. పిల్ల ఆగింది. పన్నెండేళ్ళ క్రితం తను ఆగలేకపోయినచోట ఆ పిల్ల ఆగింది.

ఫోను తెరిచి తన బుట్ట చూసుకున్నాడు. బీపీ మిషను, పదిహేను వందలు. బొటనవేలు దాని మీద కాసేపు నిలిచింది. సగం రోజు జీతం పోయిన సంగతి గుర్తొచ్చింది. ఇవాళ కాదులే అనుకుని తల కిటికీకి ఆనించాడు.

ఆఖరి స్టాపులో అందరూ దిగారు. కండక్టరు వచ్చి భుజం తట్టాడు. అతను లేవలేదు. ఫోను అరచేతిలోనే ఉంది.

మేనకోడలు ఆదివారం నాడు కాదు గానీ, కర్మలన్నీ అయ్యాక లాప్‌టాప్ కొంది. గ్యారంటీ ఉన్నది, చేతికొచ్చాకే డబ్బిచ్చేది. పార్సిలు వచ్చిన రోజు, తల్లి ఎర్రబడ్డ కళ్ళతో వీడియో తీస్తుంటే, పెట్టెను ముందు అరచేతిలో పెట్టుకుని తూచింది. ఎంత ఉండాలో తనకి తెలియదు. అయినా తూచింది.

చెల్లెలు అతని ఫోనుకి రోజూ చార్జింగు పెడుతూనే ఉంది. అతను పోయిన పంతొమ్మిదో రోజు పొద్దున్న అది టింగుమంది. మీ బుట్టలోని వస్తువు ధర తగ్గింది, పదమూడు వందలే. మేనకోడలు చదివి కుర్చీలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, మూడు రోజులు కాదు మూడు నిమిషాలు కూడా ఆగకుండా దాన్ని కొనేసింది. ఇప్పుడు రోజూ పొద్దున్నే యూనిఫారాలు కుట్టే తల్లి చేతికి పట్టీ చుట్టి, అంకెలు రాస్తుంది.

ఒకరోజు దుమ్ము దులుపుతూ కిటికీ గూట్లో సబ్బును మొదటిసారి చేతిలోకి తీసుకుంది. అడుగున మామయ్య చేతిరాతతో ఒక తారీఖు, దాని కింద కట్టిన డబ్బు ఉన్నాయి. ఐదొందలు కాదు, ఆ రోజుల్లో అతని రెండు నెలల జీతం. తల్లికి చెప్పలేదు. రాత కిందివైపే ఉండేలా మళ్ళీ గూట్లో పెట్టేసింది. వెలిసిన నీలం కాగితంలో, నీళ్ళు తగలని ఆ సబ్బు ఇంకా అక్కడే ఉంది.