పైకప్పు బేరం

వదినకు మాట ఎక్కువ, మరదలికి చూపు ఎక్కువ. ఈ రెండే పెట్టుబడిగా ఆ ఇద్దరూ ఇళ్ళూ ఆఫీసులూ శుభ్రం చేసే చిన్న వ్యాపారం పెట్టుకున్నారు. వదిన గుమ్మంలో నిలబడి బేరం కుదురుస్తుంది. ఆమె భర్తకు చెల్లెలైన మరదలు ఈలోగా లోపలికి వెళ్ళి ఫ్యాను రెక్కల మీదా తలుపుల వెనకా ఏముందో చూసి వస్తుంది. కొన్నాళ్ళు బాగానే సాగింది. అంతలో వాళ్ళకు తిండి పెడుతున్న పెద్ద ఆఫీసు ఉన్నట్టుండి వేరే ఊరికి తరలిపోయింది. ఇక మిగిలింది ఒక పళ్ళ డాక్టరు క్లినిక్కూ, రెండు ఇళ్ళూ.

కొత్త బేరాల కోసం ఇద్దరూ కాళ్ళరిగేలా తిరిగారు. అపార్టుమెంట్ల దగ్గర వాచ్‌మన్‌లు గేటు దాటనివ్వలేదు. దాటనిచ్చిన చోట "మాకు మనిషి ఉందమ్మా" అని తలుపులు వేసేసుకున్నారు. ఒకావిడ మాత్రం కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, కోడలి మీద ఉన్న చాడీలన్నీ చెప్పుకుని, చివరికి "మా ఇంట్లో దుమ్మనేదే ఉండదు" అని సాగనంపింది.

"ఆవిడ దులపాల్సింది ఇల్లు కాదులే" అంది వదిన మెట్లు దిగుతూ.

రోడ్డెక్కేసరికి వాన పట్టుకుంది. ఎదురుగా పాత బజారు కనిపిస్తే అందులోకి పరుగెత్తారు. ఒకే పెద్ద కప్పు కింద వరసలు వరసలుగా కొట్లు. పట్టపగలే ప్రతి కొట్లోనూ ట్యూబులైట్లు వెలుగుతున్నాయి. గుమ్మానికి దగ్గర్లో గడియారాలు బాగుచేసే ముసలాయన కంటికి భూతద్దం తగిలించుకుని, టేబుల్ లైటు కింద తల దూర్చి కూర్చున్నాడు.

వదిన ఊరుకుంటుందా? తల తుడుచుకుంటూనే మొదలుపెట్టింది.

"బాబాయ్ గారూ, మీ కొట్టు అద్దంలా చేసిపెడతాం. ఒక్కసారి చేయించుకుని చూడండి."

"నా కొట్టెంతమ్మా! ఉఫ్ అని ఊదితే శుభ్రమైపోతుంది" అన్నాడాయన తలెత్తకుండా. "అంత సరదాగా ఉంటే ఆ కప్పు తుడవండి."

పక్కనే ఉన్న బట్టల కొట్టాయన పగలబడి నవ్వాడు. వదినా నవ్వేసింది. మరదలు మాత్రం తలెత్తి చూస్తోంది. చాలా ఎత్తున, తారు పూసినట్టు నల్లటి కప్పు. ఒకచోట వాననీరు కారుతోంది. అది జారిన దారి వెంట నలుపు పలచబడి, వెంట్రుకంత సన్నటి తెల్లగీత కనిపిస్తోంది.

"బాబాయ్ గారూ, అది రేకా, అద్దమా?"

"రేకేనమ్మా. మా నాన్న వేలు పట్టుకుని వచ్చినప్పటి నుంచీ అలాగే ఉంది."

"మరి రేకులోంచి వెలుతురు ఎలా వస్తోంది?"

ముసలాయన భూతద్దం తీసి పైకి చూశాడు. బట్టల కొట్టాయనా చూశాడు. 

పైకెక్కి తుడుస్తామంటే బజారు మేనేజరు ఒక పట్టాన ఒప్పుకోలేదు. కప్పు కింద మనిషి నడిచేటంత ఇనుప నడవా ఉంది, బయటికి వెళ్ళడానికి ఒక మూత కూడా ఉంది. అయినా "పడ్డారంటే నా ఉద్యోగం మీదికొస్తుంది" అన్నాడు. వదిన ఆయన ఎదుట కదలకుండా కూర్చుంది. నడుములకు తాళ్ళు కట్టుకుంటామనీ, ముందు కప్పులో ఒక్క పలక ఊరికే తుడిచి చూపిస్తామనీ, నచ్చకపోతే మళ్ళీ కనిపించబోమనీ చెప్పి చెప్పి ఆయన చేత ఊఁ అనిపించింది.

వాన వెలిశాక, పొద్దు నడినెత్తికి వస్తున్న వేళ, మరదలు తాడు బిగించుకుని నడవా ఎక్కింది. గడియారాల కొట్టుకు సరిగ్గా పైనున్న పలక మీద మసి గీకి, సబ్బునీళ్ళతో కడిగింది. అద్దమే! కానీ దాని అవతల మళ్ళీ చీకటే. కింద మూగిన వాళ్ళ మీద నల్లటి చుక్కలు రాలాయి తప్ప వెలుతురు రాలేదు. జనం పలచబడసాగారు.

"ఏమే, ఇక చాల్లే, దిగు!" అని అరిచింది వదిన, మొహం చిన్నబుచ్చుకుని.

"ఇది సగమే వదినా! మిగతా సగం బయటుంది!"

మరదలు మూత తెరుచుకుని కప్పు మీదికి వెళ్ళిపోయింది. కాసేపు పైనుంచి గరగరమని గీకుతున్న చప్పుడు. తర్వాత బక్కెట్టెడు నీళ్ళు కుమ్మరించిన చప్పుడు.

వెలుగు ఒక్కసారిగా దిగింది.

కప్పు నుంచి నేల దాకా నిలువెత్తు స్తంభంలా దిగి, గడియారాల కొట్టు మీద నిలిచింది. అందులో దుమ్ము బంగారు పొడిలా పైకి లేస్తోంది. గోడ నిండా వేలాడుతున్న గడియారాల అద్దాలన్నీ ఒకేసారి వెలిగాయి. ఒక్కో అద్దం ఒక్కో వెలుగు మచ్చను ఎదుటి గోడ మీదికి, బట్టల తానుల మీదికి, జనం మొహాల మీదికి విసిరింది. ఇత్తడి లోలకాలు ఊగినప్పుడల్లా వాటి మీది మెరుపులు బజారంతా ఊగాయి.  ముసలాయన తన రెండు చేతులూ ఆ వెలుగులోకి చాపి, ఎవరివో చూస్తున్నట్టు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. వదినకు ఒళ్ళు గగుర్పొడిచింది. 

ముందుగా తేరుకున్నది బట్టల కొట్టాయన. ఒక తాను తెచ్చి వెలుగులో పరిచి గుండె పట్టుకున్నాడు.

"అయ్యబాబోయ్! దీన్ని నలుపని అమ్ముతున్నాను. ఇది నీలం!"

అంతే, నాలుగు వైపుల నుంచీ ఒకటే గోల. "మా కొట్టు మీద ఎప్పుడు?" "ముందు మా వరసకి రండమ్మా!"

"నా మీద మాత్రం వద్దు తల్లీ" అంది కూరగాయలామె. "ఈ వంకాయల మొహాలు ఎండలో చూపిస్తే కొనేదెవరు?" సాయంత్రానికి ఆమే వచ్చి, తన వంతు ఎప్పుడని వదినను అడిగింది.

కొట్లవాళ్ళంతా కలిసి కప్పు మొత్తం వాళ్ళకే అప్పగించారు. వదినామరదళ్ళు మరో ఇద్దరు ఆడవాళ్ళను పనిలోకి తీసుకున్నారు. పగిలిన పలకలను మేనేజరు మార్పించాడు. వెలుగు వరస తర్వాత వరసగా ముందుకు జరుగుతుంటే, కొనేదేమీ లేనివాళ్ళు కూడా చూసిపోవడానికి వచ్చారు.

చివరి పలక తుడిచిన రోజున వదిన మరదలిని కిందికి పిలిచింది. "నెత్తిమీదే ఉండి నువ్వేం చూశావే? ఇలా రా" అని చెయ్యి పట్టుకుని బజారు నడిమధ్యకు తీసుకొచ్చి నిలబెట్టింది. మేనేజరు లైట్లన్నీ ఆర్పించాడు. ఏమీ చీకటి పడలేదు. ఇనుప చట్రాల మీదుగా ఈ చివర నుంచి ఆ చివర దాకా ఆకాశం. పిట్టల గుంపు ఒకటి ఎగిరిపోతే వాటి నీడలు జనం భుజాల మీదుగా, కూరల గుట్టల మీదుగా పరుగెత్తాయి. ఒక మబ్బు వచ్చింది. బజారు ఒక కొస నుంచి మెల్లగా మసకబారి, మళ్ళీ అదే కొస నుంచి మెల్లగా తేటపడింది. అందరూ ఒక్కసారే ఊపిరి వదిలారు.

"ఇన్నేళ్ళూ ఇది మన నెత్తిమీదే ఉందా!" అన్నాడు గడియారాల ముసలాయన.

మరదలి కళ్ళు నిండాయి. "వదినా, ఇది నిజంగా మనం చేసిందేనా?"

"మనం తుడిచామంతే. దీన్ని కట్టినవాళ్ళెవరో గానీ, వాళ్ళను ఒక్కసారి చూడాలనుందే నాకు."

అప్పుడే వదిన ఫోను మోగింది. ఒక గ్రంథాలయం వాళ్ళట. బజారు సంగతి విన్నారట. తమ హాలు కిటికీలు కూడా అంతెత్తున, అంత నల్లగానూ ఉన్నాయట. వెంటనే వచ్చి చూస్తారా?

"తప్పకుండా వస్తామండీ. రేపు పొద్దున్నే. ఇవాళ మాత్రం కుదరదు, పనిలో ఉన్నాం."

ఫోను పెట్టేసి, వదిన మరదలి పక్కన నేల మీద చతికిలబడి, మళ్ళీ తలెత్తింది.